తోటికోడళ్ళ తెరల్లో వెలుగు

వినవే కుందనా, నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఒట్టు. ఉంటే రేపటినుంచి నేను తాగే కాఫీ కుడితి నీళ్ళలా ఉండాలి, నా పక్క నిండా గండుచీమలు పట్టాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు లోకంలో ఎవరూ పెట్టలేదు. కాబట్టి మధ్యలో "నిజమా?" అని అడగొద్దు.

ఒకప్పుడు వెలుగుకి కూర్చోవడం తెలీదు.

కూర్చోవడమే కాదు, నిలబడటం కూడా తెలీదు. తెలిసిందల్లా పరుగే. ఎలాంటి పరుగనుకున్నావ్? చీమ ఒక్కసారి తుమ్మేలోగా లోకం ఈ చివరినుంచి ఆ చివరికి పోయి, అక్కడేమీ బాగాలేదని తిరిగొచ్చేంత పరుగు. కిటికీలో దూరితే గుమ్మంలోంచి బయటికి. ఆకుల సందులోంచి నేలమీదికి, నేలమీంచి మళ్ళీ ఆకాశానికి. "కాసేపాగు నాయనా, మంచినీళ్ళు తాగి పోదువుగాని" అని ఎవరైనా పిలిస్తే, "కాసే" అనేసరికే వాడు మూడు జిల్లాలు దాటేవాడు.

సూర్యుడికి అలాంటి కొడుకులు కోటానుకోట్లు. అందరి పేరూ వెలుగే. అంతమందికి వేరే వేరే పేర్లు పెట్టడానికి ఆయనకి తీరికెక్కడిది? పొద్దున్నే లేచి ఒక్కొక్కణ్ణీ ఒక్కో చోటికి తరిమేవాడు. "నువ్వు సముద్రంమీదికి పో. నువ్వు మిరపచేలోకి పో. నువ్వు ఆ ముసలాయన బట్టతలమీదికి పో."

ఆ కొడుకుల్లో అందరికంటే చిన్నవాడు, అందరికంటే పొగరుబోతు, కొండల్లో ఒక ఇరుకు లోయకి పోయేవాడు. మన కథ వాడిదే.

ఆ లోయ పాడేరు దాటాక ఎక్కడో ఉంది. చలికాలం వచ్చిందంటే అక్కడ పొగమంచు గోడకట్టినట్టు కట్టేది. ఒకసారి ఒక కొంగ ఎగురుతూ ఎగురుతూ ఆ మంచులో ఇరుక్కుపోయి, మధ్యాహ్నందాకా గాల్లో అలాగే వేలాడింది. చలిమంట వేసుకుంటే మనుషులకంటే ముందు మంటే గజగజా వణికేది. అంత చలి!

ఆ లోయలో ఒక పెద్ద బండ ఉంది. బండకి ఒక చీలిక. ఆ చీలికలో ఒక సాలెపురుగుల కుటుంబం కాపరముండేది. అత్త సన్యాసమ్మ, పెద్దకోడలు నూకాలు, చిన్నకోడలు పైడమ్మ. మగవాళ్ళ సంగతి అడక్కు, సాలెపురుగుల్లో మగవాళ్ళు ఇంటిపట్టున ఉండరు.

వాళ్ళది మామూలు నేత కాదు. ఇప్పటి సాలెపురుగుల్లా చక్రాలు చుట్టేవాళ్ళు కాదు. నిలువు పోగులతో తెరలు నేసేవాళ్ళు. పోగు, సందు, పోగు, సందు, చివరిదాకా అదే లెక్క. ఆ తెర ఎంత సన్నమంటే, దోమ దాన్ని గుద్దుకున్నాక కూడా దేన్ని గుద్దుకుందో తెలీక క్షమించమని గాలికి చెప్పేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. పోగుకీ పోగుకీ మధ్య సందు అత్తగారి ముందుకాలి చివరి కణుపంత పొడవుండాలి. కొత్తకోడలు ఇంట్లో అడుగుపెట్టగానే చేసే మొదటి పని అదే. అత్త ముందుకాలు పక్కన తన ముందుకాలు పెట్టి, ఎక్కడికి సరిపోయిందో అక్కడ గాటు పెట్టుకోవాలి. ఆ గాటే ఇక జీవితాంతం కొలత. నూకాలు అలాగే పెట్టుకుంది. చాలాకాలం తర్వాత వచ్చిన పైడమ్మా అలాగే పెట్టుకుంది.

ఆ ఏడు చలికాలంలో పైడమ్మ తొలిచూలు గుడ్లు పెట్టింది. తెల్లటి పట్టు మూటకట్టి, చీలిక లోపలి గోడకి అతికించింది. సాలెపురుగు ఒకసారి అతికించిందంటే ఏనుగొచ్చి లాగినా రాదు. నేను చూశాను, ఏనుగు వల్ల కాలేదు.

కాని చలి! మూట రోజురోజుకీ చల్లబడిపోతోంది. పైడమ్మ మూటకి చెవి ఆనించి వినేది. లోపల చిటచిటమని చిన్న చప్పుడు. పిల్లలు కదులుతున్న చప్పుడు. రోజురోజుకీ అది సన్నగిల్లుతోంది.

"అత్తా, పిల్లలకి వెచ్చదనం చాలట్లేదు," అంది పైడమ్మ కళ్ళనీళ్ళతో. ఎనిమిది కళ్ళు మరి. నీళ్ళు వరదలా వచ్చాయి.

"వెలుగు రోజూ వస్తున్నాడు కదే," అంది సన్యాసమ్మ.

"వస్తున్నాడు, పోతున్నాడు. మూట మీద చెయ్యి పెట్టీ పెట్టకముందే పారిపోతున్నాడు. ఒక్క పూట కూర్చుంటే చాలు. నా పిల్లలు బతుకుతారు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ చీలిక గుమ్మంలో నిలబడ్డారు. వెలుగు రివ్వున వచ్చాడు.

"నాయనా, వెలుగు బాబూ!" అని అరిచింది సన్యాసమ్మ.

వెలుగు అప్పటికే లోపలికెళ్ళి, గోడని తాకి, వెనక్కి వస్తున్నాడు. "ఏంటి ముసలమ్మా, తొందరగా చెప్పు!"

"కాసేపు కూర్చో బాబూ. మా పిల్లల్ని కాస్త వెచ్చబెట్టు."

"కూర్చోవడమా? మా ఇంటావంటా లేదు!" అని పకపకా నవ్వి వెళ్ళిపోయాడు. నవ్వు ఇంకా చీలికలో ఉండగానే వాడు సముద్రం దాటాడు.

నూకాలుకి ఒళ్ళు మండింది. "ఎంత పొగరు! ఈగని పట్టగలం, కందిరీగని పట్టగలం, వీణ్ణి పట్టలేమా? తెర కడతాను చూడండి."

సాయంత్రానికల్లా నూకాలు చీలిక మూతికి అడ్డంగా ఒక తెర నేసి కట్టింది. పొద్దున్నే వెలుగు వచ్చాడు. పోగుల సందుల్లోంచి దువ్వెనలోంచి జుట్టు జారినట్టు సుతారంగా జారిపోయాడు. గోడని తాకాడు, వెనక్కి జారిపోయాడు.

"బాగుందమ్మా తెర! తల దువ్వుకున్నట్టుంది!" అన్నాడు పోతూ పోతూ.

"సందులు ఉంటే కదా జారిపోయేది," అని నూకాలు మర్నాడు సందు లేకుండా కంబళిలా మందంగా నేసింది. పొద్దున్నే వెలుగు వచ్చాడు. కంబళి చూశాడు. "ఓహో, ఈవేళ సెలవన్నమాట," అని బయటినుంచి బయటికే పోయాడు. చీలికంతా కారుచీకటి. చలి రెట్టింపయింది. మూటలో చప్పుడు ఇంకొంచెం తగ్గింది.

"తీసెయ్ అక్కా, తీసెయ్!" అని పైడమ్మ మొత్తుకుంటే నూకాలు కంబళి పీకేసింది.

చీలిక పక్కనే ఎండుకొమ్మ మీద ఒక తొండ ఉండేది. పేరు గవరయ్య. వాడికి తలూపడం తప్ప వేరే పనిలేదు. వాడు చూసిందల్లా లోయ అంతా చాటేవాడు. "పెద్దకోడలు నేత గాలికి, చిన్నకోడలు ఏడుపు నేలకి," అని తలూపాడు.

"నీ తల ఊడిపడ!" అంది సన్యాసమ్మ. తర్వాత కోడళ్ళ వైపు తిరిగి, "ఒక తెర చాలట్లేదంటే రెండు తెరలు కట్టండి. ఒకదాని వెనక ఒకటి. ఒకటి నూకాలు నెయ్యాలి, ఒకటి పైడమ్మ నెయ్యాలి. మొదటిదాన్ని తప్పించుకున్నవాడు రెండోదాన్ని తప్పించుకుంటాడా?" అంది.

ఇద్దరూ మగ్గం మీద కూర్చున్నట్టు కూర్చుని నేశారు. నూకాలు ముందు తెర కట్టింది. పైడమ్మ దాని వెనక, వేలు దూరేంత ఎడంలో, రెండో తెర కట్టింది. కట్టాక చూసుకుంటే నూకాలు కన్నెర్ర చేసింది.

"ఏటే పైడీ ఇది? నీ పోగులు నా పోగులతో కలవట్లేదు. ఈ చివర కలిశాయి, అక్కడికి వెళ్ళేసరికి నా సందులో నీ పోగు పడింది. మళ్ళీ ఆ చివర కలిశాయి."

"నేను అత్త కాలి కొలతతోనే నేశాను."

"నేనూ అత్త కాలి కొలతతోనే నేశాను."

"అయితే నీ గాటు తప్పు."

"నా గాటు తప్పా? నువ్వు పుట్టకముందు పెట్టిన గాటే ఇది!"

"అదే చెబుతున్నా అక్కా. పాతబడి అరిగిపోయింది."

"ఒలమ్మో, వినండమ్మా దీని నోరు!"

ఇద్దరూ అత్త వైపు తిరిగారు. "నువ్వే చెప్పు. నీ కాలు పెట్టి కొలువు."

సన్యాసమ్మ తన ముందుకాలు చూసుకుంది. ఎనిమిది కాళ్ళకీ కీళ్ళవాతం. ముందుకాలు వంకరపోయి కొక్కెంలా తయారైంది. నూకాలు వచ్చినప్పుడు తిన్నగా ఉండేది. పైడమ్మ వచ్చేసరికి అప్పుడే రవ్వంత వంగడం మొదలెట్టింది. అంటే పైడమ్మ కొలత నూకాలు కొలతకంటే వెంట్రుకలో వెయ్యోవంతు తక్కువ. అసలైన కొలత ఎవరిదో చెప్పడానికి ఆ కాలే ఇప్పుడు పనికిరాదు.

"నా కాలు జోలికి రాకండి," అని అత్త మొహం తిప్పుకుంది.

కోడళ్ళు కూడా ఒకళ్ళకొకళ్ళు వీపులు తిప్పుకున్నారు. తెరలు అలాగే వేలాడాయి.

పొద్దున్న వెలుగు రివ్వున వచ్చాడు. మొదటి తెరలో దూరాడు. పోగు, సందు, పోగు, సందు. కాళ్ళకి ఆ తాళం పట్టింది. అదే తాళంతో రెండో తెరకి పోయాడు. మొదట్లో కలిసింది. వాడు హుషారుగా ఈలవేశాడు. నాలుగు పోగులు పోయాక కాలు కొంచెం తడబడింది. ఇంకొన్ని పోగులకి సందు ఉండాల్సిన చోట పోగుంది, పోగు ఉండాల్సిన చోట సందుంది. ధడేల్మని గుద్దుకున్నాడు! వెనక్కి వస్తే మొదటి తెర గుద్దింది. ముందుకి వస్తే రెండో తెర గుద్దింది. పక్కపక్కన ఇద్దరు డప్పులవాళ్ళు రవ్వంత తేడాతో వాయిస్తుంటే మధ్యలో ఆడేవాడి పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పు? కాసేపు రెండు డప్పులూ కలుస్తాయి, గంతేస్తావు. కాసేపు విడిపోతాయి, నువ్వు బోర్లా పడతావు. అదే అయింది వాడికి.

పరుగు నడకయింది. నడక తప్పటడుగయింది. చివరికి పోగూ పోగూ కలిసిన చోట, సందులు పూర్తిగా తెరుచుకున్న చోట, వాడు ఆయాసపడుతూ చతికిలబడ్డాడు.

లోకం పుట్టాక వెలుగు కూర్చోవడం అదే మొదటిసారి.

లోపలి గోడ మీద వింత కనబడింది. వెడల్పాటి వెలుగు చార, పక్కన వెడల్పాటి చీకటి చార, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. చూస్తే కడలి అలల్లా ఉన్నాయి. సన్నసన్నటి పోగులెక్కడ, జానెడు వెడల్పు అలలెక్కడ! పోగుల్లో ఎక్కడా లేని అల రెండు తెరల మధ్యనుంచి పుట్టింది.

"కూర్చున్నాడు! అత్తా, కూర్చున్నాడు!" అని పైడమ్మ గంతేసింది. వెంటనే మొహం వాడిపోయింది. గుడ్ల మూట చీకటి చారలో ఉంది. వెలుగు చార జానెడు పక్కన ఉంది. మూట కదలదు, అతికించింది తనే.

బయటినుంచి గవరయ్య తలూపాడు. "చూశారా, చూశారా! సన్యాసమ్మ ఇంటి నేతలో చారలట! కోడళ్ళకి ఒక్క కొలత లేదట!"

లోయంతా నవ్వింది. రాళ్ళు కూడా నవ్వాయి. సన్యాసమ్మకి తల కొట్టేసినట్టయింది. ఏడు తరాల నేతపని ఇంట్లో ఎన్నడూ చార పడలేదు.

"విప్పండి!" అంది. "పైడమ్మా, నీ తెర విప్పి నూకాలు కాలు కొలతతో మళ్ళీ నెయ్యి."

"కాని అత్తా, ఇప్పుడే కదా కూర్చున్నాడు..."

"అదే చెబుతున్నానే పిచ్చిమొహమా! ఇంత చెడ్డ నేతకే వాడు సగం ఆగాడు. మంచి నేత నేస్తే పూర్తిగా ఆగిపోడా?"

నేతవాళ్ళింట్లో ఈ మాట కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? మంచి నేతకంటే చెడ్డ నేత పనికొస్తుందని ఎవరైనా అనగలరా? పైడమ్మ తెర విప్పింది. విప్పగానే వెలుగు విడివడి, కళ్ళు నులుముకుంటూ, "నాకేమైంది?" అనుకుంటూ పోయాడు. పైడమ్మ నూకాలు ముందుకాలు పక్కన కూర్చుని, ఒక్కో సందూ ఆమె కొలతతో నేసింది. ఆ తెర ఎంత సరిగ్గా వచ్చిందంటే, రెండు తెరలూ ఒకే తెరకి అద్దంలో నీడలా ఉన్నాయి. సన్యాసమ్మ ఎనిమిది కళ్ళతో వెతికినా ఒక్క పోగు తప్పలేదు. గవరయ్య తలూపడం కూడా మర్చిపోయాడు.

పొద్దున్న వెలుగు భయపడుతూ భయపడుతూ వచ్చాడు. మొదటి తెరలో దూరాడు. పోగు, సందు, పోగు, సందు. రెండో తెర. పోగు, సందు, పోగు, సందు. కాలు ఎక్కడా తగల్లేదు. గోడని తాకి, అంతే హాయిగా వెనక్కి.

"వెళ్ళొస్తా ముసలమ్మా!" అని నవ్వుకుంటూ ఎగిరిపోయాడు.

చలి లోపలికి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. పైడమ్మ మూటకి చెవి ఆనించింది. చాలాసేపు విన్నది. ఆమె మొహం చూసి నూకాలు కూడా వచ్చి చెవి ఆనించింది.

చిట.

చాలాసేపు ఏమీ లేదు.

చిట.

ఇద్దరూ అత్త వైపు చూడలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"రేపటికి ఈ చప్పుడు ఉండదు అక్కా," అంది పైడమ్మ.

నూకాలు కాసేపు తన కాలి మీద గాటు చూసుకుంది. తర్వాత లేచి, ఏడు తరాల ఇంట్లో ఎవరూ అనని మాట అంది. "విప్పెయ్ పైడీ. నీ కాలుతోనే నెయ్యి."

"అత్త?"

"అత్తతో నేను మాట్లాడతాను. ఒక తెర ఉంటే జారిపోయాడు. రెండు తెరలు ఒకేలా ఉంటే జారిపోయాడు. నీదీ నాదీ పడనప్పుడే పడ్డాడు. వాణ్ణి పట్టింది నీ నేతా కాదు, నా నేతా కాదు. మధ్యనున్న తేడా."

సన్యాసమ్మ మూల కూర్చుని అంతా విన్నది. ఏదో అనబోయింది. అప్పుడే మూటలోంచి ఇంకో "చిట" వినబడింది. ముసలమ్మ వంకర కాళ్ళతో పాకుతూ వెళ్ళి, తన చేత్తో తనే రెండో తెర విప్పడం మొదలెట్టింది.

"చూస్తారేం? నా కాళ్ళు నొప్పి. సాయం పట్టండి," అంది.

తెల్లవారేసరికి పైడమ్మ కొలతతో తెర వేలాడుతోంది. వెలుగు వచ్చాడు. నిన్నటి ధైర్యంతో ఈలవేస్తూ వచ్చాడు. తాళం కలిసింది, కాలు తడబడింది, గుద్దుకున్నాడు, చతికిలబడ్డాడు. గోడ మీద మళ్ళీ అలలు.

"మళ్ళీనా!" అని వెలుగు అరిచాడు. "వదలండి నన్ను! మా నాన్న చూస్తే పరువు పోతుంది!"

ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ మూట మీదే. మూట మళ్ళీ చీకటి చారలోనే ఉంది. వెలుగు చార మళ్ళీ జానెడు పక్కనే.

"ఇంకొక్క జానెడు," అంది పైడమ్మ. "అక్కా, ఒక్క జానెడు."

నూకాలు కోపంతో ముందు తెర అంచు పోగుని పట్టి ఒక్క గుంజు గుంజింది. ఎంత గుంజింది? వెంట్రుక మందం. తెర కదిలిందో లేదో కూడా ఎవరికీ తెలీలేదు.

కాని గోడ మీద అల కదిలింది! మెల్లగా, పడవ ఒడ్డునుంచి జరిగినట్టు, వెలుగు చార జరుగుతూ జరుగుతూ మూట వైపు నడిచింది. తెర వెంట్రుక మందం జరిగితే అల బెత్తెడు నడిచింది.

"అక్కా! ఇంకొంచెం!"

నూకాలు ఇంకొంచెం గుంజింది. వెలుగు చార మూట అంచుని తాకింది.

"ఇంకొంచెం, ఆఁ, ఆగు! చాలు! కదలకు!"

తెల్లటి మూట వెలుగుతో నిండిపోయింది. లోపల చిన్న చిన్న గుడ్లు సగ్గుబియ్యంలా తళతళా కనబడ్డాయి.

కదలకుండా ఉండటం అంటే మాటలా? పోగు వదిలితే తెర వెనక్కి పోతుంది, అల వెనక్కి పోతుంది. ఎక్కువ గుంజితే దాటిపోతుంది. పైగా సూర్యుడు పైకెక్కేకొద్దీ వెలుగు చార పక్కకి జారుతుంది, దానికి తగ్గట్టు గుంజుతూ పోవాలి. నూకాలు ఆ పోగు పట్టుకుని పూటంతా ఆ మంచుగాలిలో నిలబడింది. కాలు వణికితే అల వణికేది. అల వణికితే పైడమ్మ, "అక్కా, నువ్వు పడిపోతావు, నేను పట్టుకుంటాను," అనేది. నూకాలు, "నీ బరువుకి పోగు తెగుతుంది, నువ్వు పోయి నీ పిల్లల్ని చూసుకో," అనేది. పైడమ్మ గాలికంటే తేలిక, ఆ సంగతి నూకాలుకీ తెలుసు.

ఇంతలో వెలుగు కూడా గొడవ ఆపేశాడు. కాళ్ళు చాపుకున్నాడు. చుట్టూ చూశాడు. అంతవరకు వాడు లోకంలో ఏ వస్తువునీ సరిగ్గా చూడలేదు మరి, పరుగే కదా. మంచుబొట్టు ఎలా ఉంటుందో చూశాడు. బండ మీద నాచు పచ్చగా ఉంటుందని చూశాడు. సన్యాసమ్మ మొహం మీద ముడతలు చూశాడు.

"ముసలమ్మా, నీకిన్ని ముడతలున్నాయా?"

"ఇన్నేళ్ళూ రోజూ నా మీదనుంచే పోయావు కదరా, ఇప్పుడు చూశావా?"

"కూర్చుంటే ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు," అన్నాడు వాడు చిన్నగా.

ఆ మాట అంటుండగానే మూట పిగిలింది.

ముందు ఒక చిన్న కాలు. తర్వాత ఇంకో ఏడు. తర్వాత లెక్కలేనన్ని. ఆవగింజలో ఆవగింజంత పిల్లలు, బిలబిలా, బిలబిలా, గోడంతా, పైడమ్మ వీపంతా, సన్యాసమ్మ తలంతా. లోయలో అన్ని కొమ్మలకీ సరిపోయి, మిగిలినవాళ్ళు పక్క జిల్లాకి పోవాల్సి వచ్చింది. కొందరు గవరయ్య తలమీదెక్కి ఉయ్యాలూగారు. ఆ దెబ్బతో వాడు తలూపడం మరీ ఎక్కువ చేశాడు.

పైడమ్మ మొట్టమొదట పుట్టిన పిల్లని ఎత్తుకెళ్ళి నూకాలు వీపుమీద పెట్టింది. "పెద్దమ్మకి దణ్ణం పెట్టు," అంది. పోగు పట్టుకుని బిగుసుకుపోయిన నూకాలు కాలు ఇక దానంతట అది తెరుచుకోలేదు. పిల్లలందరూ కలిసి నొక్కి నొక్కి తెరిచారు.

అప్పుడు ఆకాశంలోంచి సూర్యుడి కేక వినబడింది. "ఒరేయ్ చిన్నోడా! ఎక్కడ చచ్చావురా? మధ్యాహ్నమైంది!"

వెలుగు ఉలిక్కిపడి లేచాడు. సన్యాసమ్మ రెండో తెరని కాస్త పక్కకి తప్పించింది. వాడు గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. వాడికై వాడే ఆగాడు!

"ముసలమ్మా, రేపు కూడా కడతారా తెరలు?"

"నువ్వు కూర్చుంటానంటే కడతాం."

"కూర్చుంటాను. కాని ఒక్క తెర కడితే కూర్చోను. రెండూ అచ్చం ఒకేలా కడితే కూర్చోను, కాలికి తగిలేది ఏమీ ఉండదు. మరీ ఎక్కువ తేడా ఉంటే కూడా కూర్చోను, తాళమే పట్టదు. ఇదిగో, ఈ కోడళ్ళిద్దరి కొలతల్లా, దగ్గరదగ్గరగా ఉండి రవ్వంత తేడా ఉంటే మాత్రం ఎక్కడున్నా వచ్చి కూర్చుంటాను. ఎవరైనా తెర కొంచెం కదిపితే వాళ్ళు ఎటు కావాలంటే అటు పెద్ద పెద్ద అంగలేసి నడుస్తాను. సరేనా?"

"మాట తప్పవు కదా?"

"మా ఇంటావంటా లేదు," అన్నాడు వెలుగు. ఈసారి వాడి గొంతులో పొగరు లేదు.

ఇంటికెళ్ళి తండ్రి చేత నాలుగు తిట్లు తిన్నాడు. తర్వాత అన్నదమ్ములందర్నీ కూర్చోబెట్టి, కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పాడు. సముద్రంమీదికి పోయేవాడు విన్నాడు, మిరపచేలోకి పోయేవాడు విన్నాడు, బట్టతలమీదికి పోయేవాడు అందరికంటే శ్రద్ధగా విన్నాడు. వాళ్ళందరికీ ఆశ పుట్టింది. చిన్నోడు ఇచ్చిన మాటే అందరి మాటా అయింది.

అప్పటినుంచే, ఒకదాని మీద ఒకటిగా రెండు సన్నని అల్లికలు పడి, వాటి కొలతల్లో రవ్వంత తేడా ఉంటే, వాటి మధ్య వెలుగు అలలు అలలుగా కూర్చుంటాడు. రెండు సాలెగూళ్ళు గాలికి ఒకదాని వెనక ఒకటి ఊగినా అంతే, తూనీగ రెక్క మీద రెక్క వాల్చినా అంతే, దోమతెర మడతపడినా అంతే. నువ్వు రవ్వంత కదిపితే ఆ అల జానెడు నడుస్తుంది. ఈ రోజుకీ మాట తప్పలేదు వాడు.

ఏంటా మొహం? నమ్మలేదా? అయితే లే. పక్కింటి మాణిక్యమ్మగారింటికి పో. వాళ్ళ పిండిజల్లెడ ఒకసారి ఇమ్మని అడుగు. మన జల్లెడ మీద పెట్టి కిటికీ దగ్గర ఎత్తి చూపిస్తాను. ఆవిడ జంతికలు వేయిస్తున్నట్టు వాసనొస్తోంది. నేను అడగమన్నానని మాత్రం అనకు. ఊరికే జల్లెడ పట్టుకుని, పొయ్యి వైపు చూస్తూ, కాసేపు అక్కడే కూర్చో.